నాడిగదికి ప్రసాదమంటే తెలియదు

సోమవారం

అప్పా,

ముందుగా నీ చెల్లెలి రాతకు ఏమీ అనుకోకు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు పడాల్సిన చోట పడవు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. దానికి తోడు మా అంతస్తులో బరువు భూమి మీది బరువులో సగమే. కలం గట్టిగా అదిమితే చెయ్యి పైకి లేస్తుంది, మెల్లగా పట్టుకుంటే సిరా దిగదు. అందుకే అక్షరాలన్నీ గాలికి ఊగుతున్నట్టున్నాయి.

మాట్లాడే ఉత్తరం పంపొచ్చు కదా అంటావు. దానికి నడవాలో గోడ ముందు నిలబడి పైకి చెప్పాలి. శని చుట్టూ తిరిగే మా చక్రంపేట నడవాలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిలబడి పక్కవాళ్ళ ఉత్తరం వింటూ ఉంటారు. నా సంగతి నీకు తెలుసు. కుజుడి మీది మీ మంగళంపాలెం వచ్చే ఓడ ఆదివారం బయలుదేరుతుందట. అప్పటిదాకా రోజూ కొంచెం కొంచెం రాసి దానికిస్తాను.

ఆయన మంచు తేవడానికి శని వలయాల మీదికి వెళ్ళారు. ఇంట్లో నేను, మా అత్త తవిటమ్మ. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడంటే భయంగా ఉండేది. ఇప్పుడు ఆవిడ పక్కింటికి వెళ్ళినా తోచదు. ఈ పేటలో నేను తలెత్తి మాట్లాడేది ఆవిడ ఒక్కరితోనే.

రేపు పెద్దపరీక్ష. మీ ఊళ్ళో వాడి వాడి పాతబడ్డాక మాకు అంటగట్టారే, వైద్యుడు లేకుండా తానే మాట్లాడి తానే పరీక్షించే ఆ నాడిగదే ఇక్కడా చూస్తుంది. నలభై అయిదు దాటినవాళ్ళందరూ ఏడాదికోసారి దానిలోకి వెళ్ళి కూర్చోవాలి. జబ్బు వచ్చాక కాదు, రాకముందే. మా పెద్దవాళ్ళకు ఇదే మింగుడుపడదు. "బాగున్నోల్ని పిలిసి ఏటుందో సూత్తానంటాదేటి, ఎతికితే ఏదో ఒకటి దొరక్క మానుతాదా?" అంటాడు సింవాచలం తాత. అంటూనే వారం రోజులుగా నడవాలో అటూ ఇటూ నడుస్తున్నాడు, ఈ వారం నడకతో ఏడాదంతా నడిచినట్టు కనిపించాలని.

మా అత్త సాయంత్రం నన్ను పిలిచి జుట్టుకి రంగు వెయ్యమంది.

"గదికి జుట్టుతో పనేటత్తా? అది ఎముకలు సూత్తాదట," అన్నాను.

"ఎముకలకి రంగెయ్యగలవేటే?"

"నేదు."

"మరి జుట్టుకే ఎయ్యి."

వేశాను. ఈ రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోవద్దని గది అందరికీ చెప్పింది. అత్త వక్కపలుకు కూడా తీసి డబ్బాలో పెట్టేసింది.

నాకు మటుకు పని పడింది. ఈ పేటలో ఎవరు భయమైన పనికి బయలుదేరినా నూకాలమ్మ చలిమిడి నోట్లో వేసుకునే గడప దాటుతారు. మంచుకు వెళ్ళే మగవాళ్ళూ అంతే, పురిటికి వెళ్ళే ఆడవాళ్ళూ అంతే. చెయ్యాల్సింది ఆ ఏడు కాపురానికి వచ్చిన కోడలు. ఈ ఏడు వచ్చింది నేనొక్కదాన్నే. బియ్యం నానబోశాను.

మంగళవారం

పొద్దున్నే పిండి దంచి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి కోరు కలిపి నిమ్మకాయంత ఉండలు చేశాను. అమ్మవారి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, పళ్ళెం పట్టుకుని నాడిగది గుమ్మం పక్కన నిలబడ్డాను. తల ఎత్తలేదు. చేతులు వచ్చాయి, తీసుకున్నాయి, వెళ్ళాయి. ఏ చెయ్యి ఎవరిదో చెప్పగలను గాని మొహాలు అడక్కు. సింవాచలం తాత చెయ్యి రెండుసార్లు వచ్చింది. అత్తకి పెద్ద ఉండ నేనే ఏరి పెట్టాను.

ఒక్క గున్నయ్య మావ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు. పేట పెద్ద పదవికి అమ్మవారి ముందు చీటీలు వేస్తే ఆయన పేరు రాలేదట. అప్పట్నించీ ఆయనకీ అమ్మవారికీ మాటల్లేవు.

గది తలుపు సగమే మూసుకుంటుంది, పాతది కదా. లోపలి మాటలన్నీ వినిపించాయి. అందరినీ అదే అడిగింది.

"నిన్న రాత్రి భోజనం తర్వాత మీరు ఏమైనా తిన్నారా?"

"నేదు."

"మీ గొంతులో అబద్ధం లేదు. కూర్చోండి."

వేలికి సూది, నోట్లో గొట్టం, కంట్లో దీపం. మా అత్త బయటికి వచ్చి, "సూది కుట్టినట్టే నేదే. దీనికా ఇంత భయపడినాను!" అని నవ్వింది.

సాయంత్రం భోజనాల సావడిలో గది ఫలితాలు చెప్పింది. గుండెలు బాగున్నాయంది, ఊపిరితిత్తులు బాగున్నాయంది. తర్వాత, "పేటలో పెద్దలందరికీ రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, గున్నయ్యగారికి తప్ప," అంది.

ఎవరి ముద్ద వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

"వచ్చే సోమవారం నుంచి మీరందరూ అడుగంతస్తులో ఉండాలి. రోజూ పొద్దునా సాయంత్రం నడవాలి. వచ్చే ఏడు పరీక్ష దాకా పైకి రాకూడదు."

అడుగంతస్తు అంటే చక్రం అంచు. అక్కడ మనిషికి భూమి మీద ఎంత బరువో అంత బరువు. మన ముత్తవ్వలు ఆ బరువుతోనే నాట్లు వేశారట, బిందెలు మోశారట. ఎలా మోశారో వాళ్ళకే తెలియాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు అక్కడ మెట్టు దిగితేనే మూలుగుతారు.

మా అత్త ముద్ద కంచంలో పెట్టేసి లేచింది. ఇంటికి వచ్చి కింద కూర్చుంది. లేవడానికి ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నా భుజానికి ఆనించి లేచింది. ఇది రోజూ ఉండేదే. కానీ ఇవాళే దాని గురించి ఆలోచించాను. ఇక్కడ సగం బరువుకే ఇలా లేస్తోంది, అక్కడ ఆవిడకి నా భుజం కూడా ఉండదు. నలభై అయిదు దాటని వాళ్ళని ఆ నడక జాగాలోకి రానివ్వరు.

బుధవారం

పేటంతా తగువులే. ఒకరు నీళ్ళలో ఏదో కలిసిందంటారు, ఒకరు శని చుట్టూ తిరిగేవాళ్ళకి ఇంతకంటే ఏం వస్తుందంటారు. బెల్లం కొట్టు తలుపు దానంతటదే మూసుకుంది. గది చెప్పిందట. సింవాచలం తాత ఆ తలుపుని కర్రతో కొట్టి, "నీ అమ్మ కడుపు మాడ, నానేటి తిన్నానే!" అని అరిచాడు. తలుపు తెరుచుకోలేదు.

గున్నయ్య మావకి మాత్రం పండగే. ఆయన జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఉంటుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. పరీక్ష పొద్దున్న ఒక్కపూటే మానుకున్నాడట. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళ వరస చూసి ఆగాడు.

"ఏటే తవిటమ్మా, అమ్మోరూ అమ్మోరూ అని కొలిసినారు. ఏటిచ్చినాదే మీకు? సుగరిచ్చినాది! నాను దండమెట్టనేదు, నాకివ్వనేదు!"

"నీ నోట్లో మన్నడ! ఎల్లెల్లు," అంది అత్త.

అందరూ ఆయన్ని తిట్టారు. నేను బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు పొంగి కాళ్ళ మీదికి వచ్చాయి. ఆయన దెప్పడానికి అన్నాడు గాని, నాకు కనిపించింది వేరు. నా పళ్ళెం దగ్గరికి రాని చెయ్యి ఆ ఒక్కటే. చక్కెర లేని మనిషీ ఆ ఒక్కడే.

అప్పా, వీళ్ళందరికీ చక్కెర ఇచ్చింది నా చెయ్యే.

గురువారం

అత్త సామాను సర్దుకుంటుంటే పక్కన కూర్చుని చెప్పాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆగాక చెప్పాను.

"అత్తా, ఆ పొద్దున్న సలివిడి తిన్నారు గదా. దానివల్లేమో."

చీర మడత పెడుతున్న చెయ్యి ఆగింది. "పెసాదం తిండేటే?"

"కాదు. కానీ బెల్లం..."

"ఉపోసం ఉన్నోలు కూడా పుచ్చుకుంటారు. అమ్మోరి పెసాదానికి సుగరొస్తాదేటి! ఆ గున్నయ్యగాడు ఇంటే పేటంతా తప్పెట కొట్టుకుని తిరుగుతాడు. ఇంకోపాలి ఆ మాటన్నావంటే సూడు."

"మరి ఆ బరువు..."

"మోస్తాను. నువ్వు మొయ్యాలేటి?"

అని, నాకు చూపించడానికే లేచి అడుగంతస్తు మెట్ల వైపు నడిచింది. వెనకాలే వెళ్ళాను. కిందికి దిగేకొద్దీ బరువు పెరుగుతుంది. నాకే పాదాలకి రాళ్ళు కట్టినట్టయింది. నాలుగు మెట్లు దిగేసరికి అత్త కూర్చుండిపోయింది. పెదవి గట్టిగా కొరుక్కుంది.

"ఏటైంది అత్తా?"

"ఏటీ నేదు. సల్లగా ఉన్నాదని కూకున్నాను."

మెట్టు వేడిగా ఉంది, అప్పా. కింద యంత్రాలు ఉంటాయి.

ఆవిడని ఇంటికి చేర్చి, ఉప్పు కోసమని చెప్పి నాడిగదికి వెళ్ళాను. నా అంతట నేను ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదలు.

"మీరు పరీక్షకు తగిన వయసువారు కారు," అంది గది.

"పరీక్షకి కాదండి."

"గట్టిగా చెప్పండి."

"సిన్న మాటండి."

"చిన్న మాటైనా గట్టిగా చెప్పండి."

గోడ వైపు తిరిగాను. లోపల మనిషి లేడు గాని గదంతా మొహంలాగే ఉంది, ఎటు తిరిగినా అదే.

"మొన్న అందరూ తిని వొచ్చినారండి."

"అందరినీ అడిగాను. తినలేదన్నారు. ఒక్క గొంతులోనూ అబద్ధం లేదు."

"అబద్ధం కాదండి. పెసాదం పుచ్చుకున్నారు."

"ప్రసాదం అంటే ఏమిటి?"

"అమ్మోరికి పెట్టిందండి."

"ఆవిడ తిన్నారా?"

"తిన్నారండి."

"అయితే మిగలదు కదా?"

"మొత్తం మిగుల్తాదండి."

గది గోడల్లో ఏదో గిర్రున తిరిగింది.

"అందులో ఏముంటాయి?"

"బియ్యప్పిండి, కొబ్బరి. బెల్లం ఎక్కువండి. నిమ్మకాయంత ఉండ. సింవాచలం తాత రెండు పుచ్చుకున్నాడు. మా అత్తకి నానే పెద్దది ఎట్టినాను."

"దాన్ని మీరు తిండి అనరా?"

"అనమండి. ఉపోసంలో పుచ్చుకున్నా ఉపోసం సెడదండి."

"ఆ సంగతి కడుపుకు తెలుసా?"

నాకు నవ్వొచ్చింది. భయంలో కూడా నవ్వొస్తుందని తెలియదు. "కడుపుకి తెలవదండి," అన్నాను.

రేపు ఉదయం మళ్ళీ పరీక్ష పెడతానంది, ప్రసాదం లేకుండా రమ్మని అందరికీ చెప్తానంది. ఆ మాట గది నోట వస్తే గున్నయ్య మావ అన్నది నిజమైపోతుంది. మా అత్త తలెత్తుకోలేదు. తలెత్తుకోలేని చోట ఉండేకంటే అడుగంతస్తుకి పోతానంటుంది. పరీక్షకి రానే రాదు.

"అలా సెప్పకండి," అన్నాను. "లెక్క తేడాగా ఉన్నాది, మళ్ళీ రండి అనండి. అది నిజమే గదండి. సలివిడి సేసేది నాను. నాను ఆలీసం సేస్తాను."

"ఎవరైనా అడిగితే నేను నిజమే చెప్తాను."

"అడక్కపోతే?"

"అడగనిదానికి జవాబు చెప్పడం నాకు నేర్పలేదు."

శుక్రవారం

లెక్క తేడాగా ఉంది మళ్ళీ రమ్మని, పరీక్ష తలుపు పొద్దున్నే తెరుచుకుని కాసేపటికే మూసుకుపోతుందని గది ముందే చెప్పింది. పెద్దలందరూ గుమ్మం దగ్గర పోగయ్యారు. చలిమిడి లేదు.

ఉండలు ఎప్పుడో చేసేశాను, అప్పా. అమ్మవారి ముందు పెట్టి, మా వంటింటి తలుపు వెనక నిలబడి వింటున్నాను. నాడిగది మాకు నాలుగిళ్ళ అవతలే.

"ఏదే ఆ గుంట?"

"తొంగున్నాదేమో. కొత్త కోడలు గదా, మొగుడు నేడు గదా, లేపీవోలు నేరు."

"తవిటమ్మా, ఇలాగేనేటి నువ్వు నేర్పినాది?"

"ఓలి నూకరత్నం, రామ్మే! మా కొంపలు ముంచకు!"

ఇది సింవాచలం తాత. నా పేరు పట్టుకుని నడవా అంతా అరిచాడు. నీకు తెలుసు కదా, నలుగురిలో నా పేరు వినిపిస్తే చాలు నాకు చెవులు కాలిపోతాయి. ఇవాళ కాలి బూడిదయ్యాయి. తలుపు గడియ మీద చెయ్యి వేసి రెండుసార్లు తీశాను. అందరూ తిడుతున్నది నన్ను కాదు, మా అత్తని. అది వినలేకపోయాను. కానీ ఆ నాలుగు మెట్లు గుర్తొచ్చాయి. కదల్లేదు.

తలుపు మూసుకునే గంట మోగింది. అప్పుడు మా అత్త గొంతు వినిపించింది.

"అమ్మోరు పళ్ళెంలోనే ఉంటాదేటి? నాను ముందెల్తాను. రండి నా ఎనక."

ఆవిడ ముందు నడిచింది. అందరూ ఆవిడ వెనక వెళ్ళారు.

ఆఖరి మనిషి లోపలికి వెళ్ళాక పళ్ళెం పట్టుకుని పరుగెత్తాను. బయటికి వచ్చినవాళ్ళు వచ్చినట్టు నన్ను తిట్టి, తిట్టినట్టే ఉండ తీసుకున్నారు. గది అక్కడే ఫలితాలు చెప్పింది. అందరి చక్కెరా మామూలుగా ఉందట. సింవాచలం తాత ఎగిరి గంతేస్తే తల పైకప్పుకి తగిలింది. "పాతదిరా ఈ గది! దీనికే రోగం!" అని దాని తలుపు మీద చరిచాడు. గది ఏమీ అనలేదు. ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు.

"తవిటమ్మగారికి మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంది," అంది చివర్న.

నవ్వులు ఆగిపోయాయి.

"కొంచెమే. ఇప్పుడే మొదలవుతోంది, ఇప్పుడే తెలిసింది కాబట్టి నడకతో, తిండితో సర్దుకుంటుంది. అడుగంతస్తులో ఏడాది చాలు."

అత్త మొహం పాలిపోయింది. "అలాగే," అంది. ఆవిడ ఒక్కతే వెళ్ళాలి ఇప్పుడు.

నేను దాచిందంతా ఆవిడ కోసమే కదా అప్పా, ఆవిడకే తగిలింది. ఎలా నోరు తెరిచానో నాకు తెలియదు. నడవా నిండా జనం ఉన్నారు. మగవాళ్ళు ఉన్నారు.

"ఆవిడికి మోకాళ్ళు బాగోవండి!"

"తవిటమ్మగారూ, మీకు మోకాళ్ళ నొప్పులున్నాయా?" అని గది అడిగింది.

"నేవు," అంది అత్త.

"గొంతులో అబద్ధం లేదు."

"అలా అడగకూడదండి," అన్నాను. "మంచం పడితేగాని ఆవిడ దాన్ని నొప్పి అనదండి. అత్తా, కూకుని లేసినప్పుడు ఏటంటావు?"

"ఏటంటాను? అమ్మా నాయనా అంటాను. నీలాగ గెంతుతానేటి? వయసొచ్చినాక అందరూ అంటారు."

"ఎన్నాళ్ళ నుంచి?" అని గది అడిగింది.

"మా ఆయన బతికున్నప్పుడు నుంచీ," అని అత్త విసుక్కుంది. "దానికేటిప్పుడు?"

గది ఆవిడని మళ్ళీ లోపలికి పిలిచింది. మోకాళ్ళ మీద దీపం పెట్టి చాలాసేపు చూసింది. ఆ కీళ్ళు అడుగంతస్తు బరువుకి నెల తిరక్కుండా పూర్తిగా పాడయ్యేవట. అడుగంతస్తు వద్దంది. ఇరుసు పక్కనున్న దూదంతస్తులో, మనిషికి బరువు ఉండీ లేనట్టుండే చోట, రోజూ పొద్దున్న నడవాలి. కీళ్ళు బలపడేకొద్దీ ఒక్కో మెట్టు కిందికి రావాలి. తోడు ఒకరు ఉండాలి.

"ఎవరు వెళ్తారు?" అంది గది.

నా చెయ్యి పైకి లేచి ఉంది. పళ్ళెం ఎవరి చేతికిచ్చానో నాకు గుర్తులేదు.

శనివారం

ఇవాళ మొదటి నడక. దూదంతస్తులో పాదం ఆనిస్తే చాలు, మనిషి మూరెడు లేస్తుంది. అత్త మొదట నా కొంగు పట్టుకుంది. తర్వాత కొంగు వదిలేసి నా కంటే ముందు పోయింది. చీర కుచ్చిళ్ళు గాల్లో తేలుతుంటే రెండు చేతులా అణుచుకుంటూ, రంగు వేసిన జుట్టు ముడి ఊడిపోయి, చిన్నపిల్లలా గెంతుతూ పోయింది.

"ఒలే, నొప్పంటే ఇదేనేటి మరి?" అంది వెనక్కి తిరిగి. "ఇప్పుడు నేదు. నేకపోతేగాని ఇన్నాళ్ళూ ఉన్నాదని తెలవనేదు."

ఇంకో చుట్టు తిరిగాక పక్కకి వచ్చింది. నా మొహం వైపు చూడలేదు.

"నిన్న నిజంగా తొంగున్నావేటే?"

నేను పాదాల వైపు చూశాను. అవి నేల మీద లేవు.

"నాకంటే ముందు లేసే గుంటవి," అంది. మళ్ళీ కొంత దూరం వెళ్ళాక, "ఇకమీదట నా సలివిడి కళ్ళకద్దుకుని నీకే ఇచ్చేస్తాను. నువ్వు పుచ్చుకుంటే నాను పుచ్చుకున్నట్టే," అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అందుకని ఈ ఉత్తరం చదివిన వెంటనే కాల్చెయ్యి అప్పా. ఓడలో మా పేటవాళ్ళు ఎవరైనా మీ ఇంటికి వస్తే, వాళ్ళ కంట పడితే, మా అత్త పరువూ అమ్మవారి పరువూ రెండూ పోతాయి. మీ గుమ్మటం కింద నిప్పు ముట్టించనివ్వరని నాకు తెలుసు. బావ వెల్డింగు పనిలో ఉన్నారు కదా, ఆ మంటలో పెట్టమను. ఆయన్ని మాత్రం చదవనివ్వకు. ఆయన కాల్చేదాకా పక్కనే నిలబడి చూడు.

నీ చెల్లెలు,
నూకరత్నం